జొన్న బెండు తూటాలు

కదిరిలో మా తమ్ముడు ఓబులేసు ఇంటికి పోయినప్పుడల్లా మంచం పక్కనో, బీరువా మూలనో నా కాలికి ఒక మెత్తటి తూటా తగులుతుంది. నీలం రంగు స్పాంజి, కొసకు నారింజ రంగు రబ్బరు టోపీ. మా మేనకోడలికి అంగట్లో కొనిచ్చిన తుపాకిది. మొన్న ఒకటి తీసి వాసన చూస్తే కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది. మేం చేసుకున్న తూటాలకు ఎండిన దంటు వాసన, దాంతోపాటు కాస్త చెనిక్కాయల నూనె వాసన ఉండేవి.

మాది యాడికి మండలంలో ఒక మెట్ట పల్లె. చలి తగ్గి ఎండలు ముదిరేసరికి జొన్న కోతలు అయిపోయి, కళ్లంలో దంటు వామి ఇంటి కంటే ఎత్తుగా లేచేది. పగలంతా దాని నీడన మేకలు పడుకుని నెమరేసేవి. పిల్లలం ఆ దంటు ఒలిచి, లోపలి తెల్లటి బెండుతో బండ్లు, ఎద్దులు, కళ్లద్దాలు చేసుకునేవాళ్లం. పై బెరడు వేళ్లను సన్నగా కోసేది. రాత్రి సంగటిలో ఊరుబిండి నంజుకుంటే ఆ గాట్లలో కారం దిగి, ముద్ద వదిలేసి చేయి ఊదుకునేవాళ్లం.

ఒక ఉగాది నాడు, ఓళిగ తిన్న చేయి కూడా కడుక్కోకుండా వీధిలోకి పరుగెత్తిన ఓబులేసుకు బిళ్లంగోడు ఆటలో బిళ్ల వచ్చి ఎడమ కంటికి తగిలింది. అప్పటికి వాడు రెండో తరగతి, నేను ఐదు. అనంతపురం పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. కన్ను మిగిలింది గానీ చూపు మిగల్లేదు. తప్పు ఎవరిదీ కాదు. అయినా అమ్మ ఆ తర్వాత వాడిని ఆటకు పంపలేదు. బడి, ఇల్లు, అంతే. సాయంత్రాలు పిల్లలంతా దొంగా పోలీసూ ఆడుతుంటే వాడు అరుగు మీద కూర్చుని, ఎవరెక్కడ దాక్కున్నారో నాకు చెప్పేవాడు. మొదట్లో అరిచి చెప్పేవాడు, కొన్నాళ్లకు మెల్లగా చెప్పేవాడు, తర్వాత చెప్పడమే మానేశాడు. మరుసటి ఏడు జొన్న కోతలకల్లా అరుగు మీదికి రావడం కూడా మానేశాడు.

అప్పుడు అమ్మను అడిగాను, దొంగా పోలీసూ ఆటకు దెబ్బ తగలని తుపాకి చేస్తే వాడిని ఆటకు పంపుతావా అని. అమ్మ రొట్టె తడుతూ తలెత్తకుండానే అంది:

"దెబ్బ తగలంది తుపాకి ఎట్లయితాది పాపా? చేసి సూపియ్, సూస్తా."

నీళ్లు పడక వదిలేసిన బోరు దగ్గర, మోటారు వైరు దూర్చడానికి వాడిన సన్న పైపు ముక్క దొరికింది. అందులో ముందుకూ వెనక్కూ ఆడేలా ఒక కంది కట్టె దూర్చి, దాని కొసకు నాయన తెగిన చెప్పులోంచి గుండ్రంగా కోసిన రబ్బరు ముక్క బిగించాం. గాలి పక్కలకు పోకుండా దానికి నూనె రాశాం. కట్టె వెనక కొసకూ పైపుకూ కలిపి రెండు సైకిల్ ట్యూబు పట్టీలు కట్టాం. కట్టెను వెనక్కి లాగి వదిలితే లోపలి గాలి తోసుకొచ్చి, పైపు మూతిలో పెట్టిన బెండు ముక్క టప్‌మని ఎగిరేది. అయితే నాలుగడుగులు పోకముందే పల్టీలు కొట్టి ఎటో పడేది.

"ముక్కు బరువుండల్లక్కా" అన్నాడు ఓబులేసు.

ఎర్రమట్టి తడిపి ఒక్కో బెండు కొసకు అద్ది, గోడ మీద వరసగా పెట్టాం. తడి మట్టి మెత్తనిదే కదా అనుకున్నాం. మా ఊరి ఎండ సంగతి మాత్రం తలుచుకోలేదు. మధ్యాహ్నానికి అవి గులకరాళ్లలా బిగుసుకున్నాయి. గోడకు ఆనించిన చాట మీదికి ఓబులేసు మొదటి తూటా వదిలాడు. అది సూటిగా పోయి చాటకు బొక్క పెట్టింది.

అమ్మ వచ్చి ఆ బొక్కలో వేలు పెట్టి చూసింది. "ఇది ఇంకో బిడ్డ కంట్లో పడింటే? సాలు ఇంగ. ఆట ల్యా, ఏమీ ల్యా" అని పైపు తీసుకుపోయి అటక మీద పడేసింది. ఓబులేసు ఏడవలేదు. సంగటి ముందు కూర్చుని, తినకుండా లేచిపోయాడు.

మర్నాడు నాయన చేనుకు పోతూ ఆగి, అటక మీది పైపు దించి నా చేతిలో పెట్టాడు. "ముందర బరువొద్దు. ఎనక తోక కట్టండి. గాలిపటానికి కట్టల్యా?" అని, భుజం మీది పాత టవలు అంచు లాగి నాలుగు దారపు పోగులు తెంపి ఇచ్చాడు. తోక కట్టిన బెండు పల్టీ కొట్టకుండా వాకిలి దాటి పోయింది.

సాయంత్రం నాయన చేని నుంచి వచ్చాక, అమ్మ ఒక తూటా తీసుకుని పళ్ల మధ్య నొక్కింది, రెప్ప మూసి దాని మీద దొర్లించుకుంది. ఆ తర్వాత వచ్చి గడప మీద కూర్చుంది.

"ఓబులా, ఈడ నిలబడు. నా కంటికి కొట్టు."

"వొద్దు మా" అన్నాడు వాడు.

"కొట్టకపోతే నువ్వు ఆటకు పొయ్యేది ల్యా."

వాడు పైపు ఎత్తి, ఒక చేత్తో కట్టె వెనక్కి లాగాడు. నేను అమ్మ పక్కన నిలబడి ఆ చేతినే చూస్తున్నాను. మొదటి తూటా చెంపకు తగిలి ఒళ్లో పడింది. "ఇంగోటి" అంది అమ్మ. రెండోది సరిగ్గా కంటికి తగిలింది. ఆమె రెప్ప ఆర్పి, చుట్టూ చూసి, నవ్వింది.

"ఇంతేనా? మీ నాయన మీసం దీనికంటే గట్టిగా గుచ్చుకుంటాది."

మంచం మీదున్న నాయన దగ్గుతూ అటు తిరిగి పడుకున్నాడు. "పోండి" అంది అమ్మ.

వీధిలో నాగరాజు అనే పిల్లవాడు తుపాకిని తిప్పి తిప్పి చూశాడు. "రేయ్, వీనికి ఒక కన్ను మూసే పన్ల్యాదప్పా. గురి ఎట్ల తప్పుతాది?" అన్నాడు. అందరికంటే ముందు ఓబులేసే నవ్వాడు. ఉగాదికల్లా వీధిలో ప్రతి ఇంట్లో ఒక పైపు తుపాకి ఉంది. దంటు వామి ఒక పక్క గుంట పడేదాకా పీకి, నాయన చేత తిట్లు తిన్నాం.

ఇప్పుడు మా పక్క జొన్న వేసేవాళ్లు తక్కువ. కళ్లం ఉన్నచోట చీనీ తోట వచ్చింది. మా మేనకోడలు బెండు బండి చేయమంటే, చేసి చూపించడానికి ఒక్క దంటు కూడా దొరకలేదు. నాయన పోయి చాలా కాలమైంది. అమ్మ పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆమె గురించి మాట్లాడుకుంటూ మొన్న ఓబులేసును అడిగాను, అంత చిన్నవాడివి అమ్మ కంటికి ఎట్లా గురి పెట్టగలిగావని.

"నేనాడ కంటికి పెట్టినానక్కా?" అన్నాడు. "రెండుతూర్లూ చెంపకే పెట్టినా. రెండోతూరి అమ్మే మొగం జరిపింది."

పక్కనే నిలబడి కూడా నేనది చూడలేదు. ఆమె ఏ రోజూ చెప్పలేదు. కాసేపటికి ఓబులేసు చెప్పులేసుకుని, మోటార్లు బాగుచేసే తన అంగడికి బయలుదేరాడు. వాడు వీధి మలుపు తిరిగేదాకా నేను వాకిట్లో నిలబడ్డాను.