మరిగితే పోనిది

ఊళ్లో నీళ్లు పరీక్షించే ఆమెను అందరూ సీసాలక్క అంటారు. సీసా మూతి తాకకుండా నింపి, వెలుగుకు ఎత్తి చూసి, "తేటగా ఉన్నాయని మురవకండి" అనడం ఆమెకు అలవాటు. ఒకరోజు సొంత చెల్లెలి ఇంటి బావిలోనే, పక్క పొలం ఎరువుల నుంచి దిగిన నైట్రేటు మోతాదు మించి తేలింది. ఆ ఇంట్లో డబ్బాపాలు తాగే మూడు నెలల పసివాడున్నాడు.

"రెండుసార్లు మరగబెట్టే కలుపుతున్నాను కదక్కా" అంది చెల్లెలు.

"మరిగితే క్రిములు చస్తాయే, ఎరువు చావదు. నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పసివాళ్ల ఒళ్లు నీలంగా మారేది దీనివల్లే."

"మనం తాగి పెరగలేదూ? సీసాల పిచ్చి ముదిరింది నీకు."

మర్నాటి నుంచి సీసాలక్క, పరీక్షకు నిలిచిన తన వీధి కుళాయి నీళ్లు సైకిలు మీద క్యానుతో తెచ్చి ఇచ్చాకే పనికి వెళ్లింది. వారం తిరిగేసరికి చెల్లెలే గుమ్మంలోకి ఎదురొచ్చి క్యాను దించుకుంది.

"ఎన్నాళ్లు మోస్తావక్కా?"

"వాడే నడిచొచ్చి అందుకునేదాకా."