ఎదురింటావిడ పేరు మీద మా వదిన కేకు

ఆడపడుచు అర్ధమొగుడంటారు. అన్నవాళ్ళు అది పొగడ్తగా అనలేదని నాకు తెలుసు. కానీ మా ఇంట్లో పూర్తి మొగుడు నోరు విప్పడు కాబట్టి, ఆ సగం మొగుణ్ణి నేనే మాట్లాడాల్సి వస్తోంది. మా వదిన గురించి చెప్తాను. కోపంగానే చెప్తాను. ఈ విషయం చల్లగా చెప్పడం నాకు చేతకాదు.

వదిన పెళ్ళికి ముందు ఒక ఆసుపత్రి వంటింట్లో పనిచేసేది. అక్కడ ఒక్కో మంచానికి ఒక్కో వంట. ఒకరికి ఉప్పు పడదు, ఒకరికి తీపి పడదు, పళ్ళు లేనివాళ్ళకి నోట్లో పెట్టుకోగానే కరిగిపోవాలి. ఎవరి నోటికి ఎలా కావాలో అలా వండటం ఆవిడకి అక్కడ అబ్బింది. పెళ్ళయ్యాక మా అన్నయ్య, "మనింట్లో వండుకుంటే చాలదా, ఊళ్ళోవాళ్ళందరికీ ఎందుకు" అన్నాడు. వదిన ఆ పని మానేసింది. మానేసి, ఊళ్ళోవాళ్ళందరికీ మా ఇంట్లోంచే వండింది, అదీ ఊరికే. ఈ రెండింటికీ తేడా ఏమిటో అన్నయ్యకి ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను వాళ్ళుండే భవనంలోనే పై అంతస్తులో ఉంటాను కాబట్టి ఏదీ నా కన్ను దాటిపోదు. వదిన వంటింట్లో ఎవరో వాడి అమ్మేసిన ఓవెన్ ఒకటి ఉంది. దాని తలుపు సరిగ్గా పడదు, కుర్చీ ఆనించాలి. లోపల ఎడమవైపు సెగ ఎక్కువ. సగం కాలాక రేకు అటుదిటు తిప్పకపోతే ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా మిగులుతుంది. అంత అవిటి ఓవెన్‌లోంచి వదిన తీసే కేకుని కోస్తే కత్తికి పొడి కూడా అంటదు. ఆ కేకులు భవనంలో అందరూ తిన్నారు. వదిన చేసిందని తెలిసి తిన్నవాళ్ళే లేరు.

మా భవనంలో ఏడాది చివరి సెలవుల్లో అందరం కలిసి భోంచేస్తాం. బళ్ళు పెట్టుకునే చోటు ఖాళీ చేసి, బల్లలు వరసగా వేసి, ఇంటికి ఒక వంటకం చొప్పున తెచ్చి పెడతారు. తెచ్చినవాళ్ళు తమ గిన్నె వెనక నిలబడి వడ్డిస్తారు. వీధి మలుపులో బేకరీ పెద్దాయన బెంచీలు ఇస్తాడు కాబట్టి ఆయన్నీ పిలుస్తారు.

మొదటి ఏడు ఎదురింటావిడ చేసిన కేకు మధ్యలో గుంట పడింది. ఏడుపు మొహంతో వచ్చి నిలబడితే, వదిన ఆ గుంటలో మీగడ నింపి, మీద పళ్ళ ముక్కలు పేర్చి ఇచ్చింది. కింద అందరూ ఆ గుంటనే మెచ్చుకున్నారు. మరుసటి ఏడు ఎదురింటావిడ కేకు చెయ్యకముందే వచ్చింది. "అక్కా, పోయినసారి కాస్త సాయం చేశావు కదా, ఈసారి ఇంకాస్త చెయ్యి" అంది. ఆ ఇంకాస్త ఏమిటంటే, మొత్తం. వయసులో వదిన కన్నా తనే పెద్దది. అయినా పని ఉన్నప్పుడు వదిన అక్క, పని అయ్యాక "ఆ ఎదురింటాయన భార్య". ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఈవిణ్ణి చూసి పక్కింటి టీచరమ్మ వచ్చింది, టీచరమ్మని చూసి కింద అంతస్తు దర్జీ భార్య వచ్చింది.

వీళ్ళెవరూ ఉత్త చేతులతో రారు, ఫోన్లో ఐడియాలు తెస్తారు. "సెలవుల విందుకి సులువైన వంటలు", "అనుకోని అతిథులకి చిటికెలో చిరుతిళ్ళు". ఎదురింటావిడ ఆ ఫోను వదిన మొహం ముందు పెట్టి, "పది నిమిషాల్లో అయిపోతుందట అక్కా" అంటుంది. ఎవరి పది నిమిషాలమ్మా అవి? వెన్న మెత్తబడేదాకా ఎదురుచూసేది ఎవరు? గింజలు వలిచేది, పిండి జల్లించేది, జిడ్డు గిన్నెలు తోమేది ఎవరు? అవి రాసేవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒక వదిన ఉండే ఉంటుంది, లేకపోతే పది నిమిషాలని రాయడానికి వాళ్ళకి చెయ్యెలా వస్తుంది?

నాకు ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. వదిన ఎవరి వంటకం వాళ్ళ చేతిలా ఉండేలా చేస్తుంది. ఎదురింటావిడకి అన్నిటికీ తొందర, అందుకని ఆవిడ కేకు అంచులు కావాలనే కాస్త మాడుస్తుంది. టీచరమ్మ చక్కెర మీద అందరికీ పాఠాలు చెప్తుంది, కాబట్టి ఆవిడ బిస్కెట్లు చప్పగా, గీత గీసి కోసినట్టు ఒకే కొలతలో ఉంటాయి. దర్జీ భార్య ఇచ్చే బంగాళాదుంప బన్నుల్లో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ, ఎందుకంటే ఆ ఇంట్లో అన్నిట్లోనూ అంతే.

"తెలిసి తెలిసి ఎందుకు పాడుచేస్తావు వదినా?" అని అడిగాను.

"మరీ బాగుంటే వాళ్ళు చేసినట్టు ఉండదు కదా. ఎవరైనా అడిగితే పాపం ఏం చెప్పుకుంటారు?" అంది.

పాపమట. ఇన్ని ఇళ్ళకి చేసి పెట్టేసరికి తన ఇంటి వంతు వంట చెయ్యడానికి టైమే ఉండదు. ప్రతి ఏడాదీ రొట్టె ముక్కలకి వెన్న రాసి, పళ్ళు కోసి పట్టుకెళ్తుంది. ఒకసారి దర్జీ భార్య నా చెవి దగ్గరకొచ్చి, "మీ వదినకి పెద్దగా వంట రాదనుకుంటాను, పాపం" అంది. నోట్లో వదిన చేసిన బన్నే ఉంది. ఆ రోజు నేను ఆవిణ్ణి ఏమీ అనకుండా ఎలా ఊరుకున్నానో నాకే తెలియదు.

ఈ ఏడు సంగతి వేరు. బేకరీ పెద్దాయనకి చేతులు వణుకుతున్నాయి. పిండి ముద్ద ఎత్తలేకపోతున్నాడు. నేను రొట్టె కొనడానికి వెళ్తే ఆయనే చెప్పాడు. "మీ భవనంలో ఎవరిదో మంచి చెయ్యి ఉందమ్మా. కొన్నేళ్ళుగా తింటున్నాను కానీ ఎవరిదో తేల్చుకోలేకపోతున్నాను. ఒకసారి ఈ గిన్నెలో తగులుతుంది, ఒకసారి ఆ గిన్నెలో. ఈసారి తేల్చుకుని, వాళ్ళు ఒప్పుకుంటే నా పొయ్యి అప్పగించేస్తాను. కొట్టు నడవాలి కదా."

నేను మెట్లు రెండేసి ఎక్కి వెళ్ళి వదినకి చెప్పాను. ఆవిడ పిండి కలుపుతోంది. చెయ్యి ఆగింది. పిండి చేతులతోనే నా వైపు తిరిగి, "అమ్మాయ్, అది నాకు కావాలి" అంది.

ఆవిడ కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను. "మీకేం కావాలి" అనే మాట వెయ్యిసార్లు విన్నాను, "నాకు కావాలి" అన్న మాట ఆ నోట వినలేదు.

"అయితే ఈసారి ఎవరికీ చెయ్యకు, నీది నువ్వు చేసుకో" అన్నాను.

"మాటిచ్చేశాను. వాళ్ళవి చేసి నాదీ చేస్తాను" అంది.

అలాగే చేసింది. అందరివీ ముగించి, చివర్న తన కేకు పెట్టింది. నారింజ తొక్క సన్నగా తురిమి, తేనె పోసి, వేయించిన బాదం పలుకులు వేసి చేసింది. అందులో మాడ్చింది లేదు, చప్పబరిచింది లేదు. అన్నయ్యకి కూడా చెప్పింది, "ఇది బేకరీ పెద్దాయన కోసమండీ, ముట్టుకోకండి" అని. అన్నయ్య "ఊఁ" అన్నాడు. మా అన్నయ్య ఊఁ అంటే విన్నట్టు కాదు.

విందు రోజు వదిన స్నానానికి వెళ్ళింది. ఆ కాసేపట్లో ఎదురింటావిడ వచ్చింది. వదిన తన కోసం చేసిచ్చిన కేకుని ఫోటో తీద్దామని కిటికీ అంచు మీద పెట్టిందట, వెలుతురు బాగుంటుందని. అది జారి ఆవిడ వంటింటి నేల మీద పడిందట. "నలుగురిలో ఏ మొహం పెట్టుకుని నిలబడను అన్నయ్యా" అని కళ్ళొత్తుకుంది. అన్నయ్య బల్ల మీద మూత తీసి, వదిన కేకు పళ్ళెంతో సహా ఆవిడ చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళమ్మా, ఇంకోటి చేసేస్తుందిలే" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఏమిటో నేను పుస్తకాల్లో వెతుక్కోనక్కర్లేదు.

నేను వాళ్ళింటికి దిగేసరికి వదిన తడి జుట్టుతో బల్ల ముందు నిలబడి ఉంది. అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇరుగుపొరుగన్నాక ఇలాంటివి తప్పవు" అంటున్నాడు. వదిన పళ్ళు కోయడం మొదలుపెట్టింది. కత్తి చప్పుడు మాత్రం రోజూలా లేదు.

కింద పెద్దాయన ఒక్కో గిన్నె దగ్గరా ఆగి రుచి చూస్తూ వచ్చాడు. టీచరమ్మ బిస్కెట్టు, దర్జీ వాళ్ళ బన్ను, అన్నిటికీ తలూపాడు. ఎదురింటావిడ దగ్గర కేకు ముక్క నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు.

"ఇదెవరు చేశారమ్మా?"

"నేనేనండీ. ఏదో అలా ఐడియా వచ్చింది."

"నా పొయ్యి చూసుకుంటారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అన్నారు. ఈవిడ వద్దంటుందనుకున్నాను, ఎందుకంటే ఆవిడకి నిలబడి పాలు కాచే ఓపిక కూడా లేదు. ఆవిడ మా వదిన వైపు ఒక చూపు చూసి, "తప్పకుండానండీ. సాయానికి మా అక్క ఉంది కదా" అంది.

నాకు నెత్తురు తలకెక్కింది. నోరు తెరిచాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు చెప్తే అది ఆడపడుచు పోట్లాట అవుతుంది. ఉండు" అని, కత్తి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంది. "బాబాయిగారూ, ఆ కేకు నాది."

ఎదురింటావిడ నవ్వబోయింది. "అదేంటక్కా అలా అంటావు. ఐడియా నాదే కదా, ఫోన్లో చూపించింది నేనే కదా."

"నువ్వు చూపించింది వేరు. అది మీ వంటింటి నేల మీద ఉంది. ఇది నేను బాబాయిగారి కోసం చేసుకున్నది."

అప్పుడు మా అన్నయ్య, నా తోడబుట్టినవాడు, మెల్లగా ముందుకొచ్చి, "పోనిద్దూ. ఎవరు చేస్తే ఏంటి, అందరం తిన్నాం కదా" అన్నాడు.

"ఎవరు చేశారో తెలుసుకుందామనే వచ్చాను బాబూ" అన్నాడు పెద్దాయన. వదిన వైపు తిరిగి, "మరి పోయినేడు ఈవిడ తెచ్చిన కేకు ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"అదీ నేనే."

"ఆ మాడిన అంచులు?"

"నేనే మాడ్చాను. ఈవిడ చేస్తే అలా ఉంటుందని."

టీచరమ్మ చేతిలో బిస్కెట్టు పళ్ళెంలో పెట్టేసింది. ఎవరో నవ్వి ఆపేశారు. పెద్దాయన నవ్వలేదు. బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనకి కోపం వచ్చింది, అదీ మా వదిన మీద.

"ఇన్నేళ్ళూ నా నాలుకనే తప్పుబట్టుకున్నానమ్మా. నువ్వు కూడా కలిసే కదా మోసం చేశావు. ఎవరో అడిగారని మంచి సరుకు చేజేతులా మాడ్చే మనిషికి నా కొట్టెలా ఇవ్వను? రేపు ఇంకెవరో అడుగుతారు, నా పొయ్యిలోంచి తీసి ఇస్తావు."

ఆయన అన్నదాంట్లో నిజముంది, అదే నన్ను ఇంకా మండించింది. పేరు పంచుకు తిన్నవాళ్ళంతా తప్పించుకుని, నింద మాత్రం వదిన పేరు మీదే వేసి ఊరుకున్నారు. ఒక్కరూ ముందుకొచ్చి "మేమే అడిగామండీ" అనలేదు.

వదిన మొహం ఎర్రబడింది. పొయ్యి చేజారిపోయిందనే అనుకున్నాను. తర్వాత ఆవిడ పెద్దాయనకి జవాబు చెప్పకుండా ఎదురింటావిడ వైపు తిరిగింది.

"వచ్చేవారం మీ ఇంట్లో పార్టీకి ఐదు రకాలు చేస్తానన్నాను కదా. చెయ్యను. నువ్వే చేసుకో."

"అయ్యో అక్కా, అందర్నీ పిలిచేశాను."

"చెయ్యను" అంది వదిన మళ్ళీ. టీచరమ్మ వైపూ, దర్జీ భార్య వైపూ చూసి, "మీకు కూడా" అంది.

పెద్దాయన ఆవిణ్ణే చూస్తూ ఉండి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాలమ్మా. రేపు రా" అన్నాడు. మిగిలిన కేకు పళ్ళెం ఎదురింటావిడ ముందునుంచి తీసి, తనే మోసుకొచ్చి వదిన ముందు పెట్టాడు. చేతులు వణకడం వల్ల పళ్ళెం బల్ల మీద గలగలమంది.

నేను ఏడ్చాను. దాచుకోలేదు.

తర్వాత ఖాళీ రేకులూ గిన్నెలూ పట్టుకుని ముగ్గురం మెట్లెక్కుతున్నాం. అన్నయ్య సగం మెట్ల దగ్గర ఆగాడు. పాపం, అంతసేపూ అతను ఆలోచిస్తున్నది ఇదన్నమాట.

"తెల్లవారుజామునే వెళ్ళిపోతే మరి పొద్దున్న నా టిఫినో?"

వదిన వెనక్కి తిరక్కుండానే అంది.

"ఎదురింటావిణ్ణి అడగండి. కేకు ఇచ్చిన చనువుందిగా."

తాళం తీసి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య చేతిలో రేకులతో అక్కడే నిలబడి, ఎదురింటి తలుపు వైపు చూశాడు, నిజంగానే అడుగుదామా అన్నట్టు.