నాయనమ్మ కాలు, తాత మాట

మా ముత్తాత లింగన్నదొర, ఆయన కొడుకు మా తాత సోమన్నదొర, పాచిపెంట పైకొండల్లో ముఠాదారులు. కొండ ఊళ్ళ శిస్తు వసూలూ తగవుల తీర్పూ వాళ్ళ చేతిలో ఉండేవి. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను. మొన్న అరకు సంతలో ఎవరో ముసలమ్మ పాదానికి రాసుకున్న, ఆముదంలో కాచిన పసుపు వాసన తగిలేసరికి మా పాత లోగిలంతా కళ్ళముందు నిలబడింది.

వానాకాలంలో మబ్బు గుమ్మం దాటి లోపలికొచ్చి తడికట్టెల పొగతో కలిసిపోయేది. పిల్లలం పొయ్యి చుట్టూ చేరి, చోడి అంబలి కాగేలోగా నివురులో పనసగింజలు కప్పి, అవి చిట్లగానే వేళ్ళు కాల్చుకుంటూ లాక్కునేవాళ్ళం. చలి మొదలయ్యేసరికి కొండవాలంతా వలిసెపూలతో పసుపుపచ్చగా మారేది. చైత్రం పండగకి అడ్డాకుల్లో సామన్నం, మామిడికాయ వేసిన కందిపప్పు, వేటమాంసం. పొద్దువాలాక డప్పు మోగితే ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని ధింసా ఆడేవారు. ఆ వరసలో మొదటి మనిషి మా నాయనమ్మ.

మా కొండమీద ఒక ఆనవాయితీ ఉండేది. కిందనుంచి అటవీ గార్డు వచ్చినా, టీకాలవాడు వచ్చినా, ఎవర్ని ఏం అడిగినా జవాబు ముఠాదారే చెప్పాలి. "నీకు జ్వరం ఉందా?" అని రైతును అడిగితే "ఉంది" అనేవాడు తాత, రైతు వెనక చేతులు కట్టుకుని తలూపేవాడు. ఆ మాట చాటున అందరూ నిశ్చింతగానే ఉండేవారు.

ఒక ఎండాకాలం నాయనమ్మ బొటనవేలికి ముల్లు గుచ్చుకుని పుండయింది. ఆముదం, పసుపు, ఆకుపసర్లు ఏవీ పనిచెయ్యలేదు, పాదం నల్లబడింది. డోలీలో కొండ దించి సాలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు, తాత తన గుర్రం మీద ముందు. నీళ్ళముంత పట్టుకుని నేనూ వెళ్ళాను.

నొప్పి ఎలా ఉందని డాక్టరు నాయనమ్మని అడిగాడు. "పెద్దగా లేదు" అన్నాడు తాత. డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచి, మోకాలి కింద కాలు తీసెయ్యాలని చెప్పాడు.

"ముఠాదారు ఇంటి ఆడది ఒంటికాల్తో కుంటడమేటి? వొద్దు," అని తాత డోలీవాళ్ళని కేకేశాడు.

కిటికీ పక్కనే మంచం. నాయనమ్మ అంతా విన్నది.

"ఓ డాకటరు బాబూ, ఇలా రా. కాలు నాది, దొరది కాదు. ఏటి సేత్తావో నాకు సెప్పు."

"నువ్వూరుకో," అన్నాడు తాత, డాక్టరు వెనకే లోపలికొచ్చి.

"ఊరుకునే ఇక్కడిదాకా వచ్చినాను. నొప్పి లేదని సెప్పీసినావు, నీకేటి తెలుసు? రేతిరంతా పళ్ళు కొరుక్కున్నది నేను."

డాక్టరు స్టూలు లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"తియ్యకపోతే?" అని అడిగింది.

"విషం ఒంటికెక్కుతుందమ్మా. వానలదాకా కూడా ఉండరు."

"తీసేత్తే బతుకుతానా?"

"తప్పకుండా అని చెప్పలేను. చాలామంది బతికారు. కొందరికి పుండు మళ్ళీ పైకి పాకింది."

"ధింసా?"

"ఇంక కుదరదమ్మా."

నాయనమ్మ తన పాదాన్ని చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. "ఏటే గుంటా, అలా సూత్తన్నావు? ఆడలేకపోతే పాడతాను. గొంతు కొయ్యట్లేదు గదా!" డాక్టరుతో, "బేగి కానియ్యి బాబూ," అంది.

డాక్టరు అలవాటుగా తాత మొహంలోకి చూశాడు. తాత తలపాగా సర్దుకున్నాడు.

"దాన్నే అడిగినావు గదా. మళ్ళీ నన్నేటి సూత్తావు?"

మరుసటి చైత్రానికి తాత, ఏనాడూ బరువు ఎత్తని మనిషి, నాయనమ్మని ఎవరి చేతికీ ఇవ్వకుండా తన వీపున మోసుకెళ్ళి డప్పుల పక్కన కూర్చోబెట్టాడు. ఆమె పాట ఎత్తుకున్నాకే వరస కదిలింది.

ఇప్పుడు ముఠాలు లేవు. లోగిలి ఉన్నచోట ఎవరివో కాఫీ మొక్కలు. ధింసా హోటళ్ళ ముందు, పర్యాటకులు ఫోన్లు పట్టుకున్నంతసేపు ఆడుతున్నారు. మా ఇల్లు ఎలా చితికిపోయిందని అడిగేవాళ్ళకి నేను తల వంచుకోకుండానే జవాబు చెబుతాను. మొదట పోయింది తాత గుర్రం. ఆ పండగయ్యాక నాయనమ్మకి కొయ్యకాలు చేయించడానికి దాన్ని జీనుతో సహా సాలూరులో అమ్మేశాడు.