కాయిన్ బాక్సు దగ్గర మా మనవరాలు

మా చిన్నప్పుడు... గుడివాడలో మా వీధికి ట్రంకు కాల్ వచ్చిందంటే పోస్టాఫీసు నుంచి మనిషి సైకిలు మీద వచ్చేవాడు. నాన్నగారు చొక్కా తొడుక్కుని బయలుదేరితే వెనక మేమూ, మా వెనక వీధిలో సగం మందీ... ఆయన రిసీవరు పట్టుకుని అరుస్తుంటే కౌంటరు ఇవతల నిలబడి అందరం వినేవాళ్ళం. మంచి కబురైతే అక్కడే నవ్వుకునేవాళ్ళం, చెడు కబురైతే అక్కడే ఏడ్చేవాళ్ళం.

ఫోనులో మాట్లాడేది పదిమందీ వినదగ్గ మాటే అయి ఉండాలని నాకప్పుడే తలకెక్కింది. తర్వాత ఎంత చదువుకున్నా, బందరులో ఎన్నేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినా అది దిగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా మనవరాలు మాధురి బందరులోనే నా దగ్గర ఉండి ఏడో తరగతి చదివేది. మా అమ్మాయీ అల్లుడూ కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులు కౌలుకి తీసుకుని, గట్టు మీద షెడ్డులోనే ఉండేవారు. చెరువుల పని కోసం అల్లుడు సెల్ ఫోను కొన్నాడు.

మా ఇంట్లో ఫోను ముందు గదిలో, స్టూలు మీద, అల్లిక గుడ్డ కింద ఉండేది. పక్కనే నా కుర్చీ... మాధురి వాళ్ళమ్మతో మాట్లాడుతున్నంతసేపూ నేను లేచేదాన్ని కాదు. ఎంతసేపు మాట్లాడిందో రాసుకునేదాన్ని. బిల్లు వచ్చినప్పుడు నా పద్దుతో సరిపోవాలి మరి.

ఒకసారి అల్లుడు అడిగాడు. "అత్తయ్యగారూ, పాపకో చిన్న సెల్లు కొనిస్తానండి. వాళ్ళమ్మ కోసం బెంగపెట్టుకుంటంది."

"ఏడో తరగతి పిల్లకి సెల్లేంటయ్యా? ఇంట్లో ఫోనుందిగా. నా ముందు మాట్లాడలేని మాటలు దానికేం ఉంటాయి?" అన్నాను.

మాధురి తలుపు చాటున నిలబడి వింది.

కొన్నాళ్ళకి అది ట్యూషను నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. పక్కింటావిడ ఒకరోజు చెప్పింది... "మీ మనవరాలు ఖాదర్ కొట్టు దగ్గర కాయిన్ బాక్సులో మాట్లాడతందండీ. గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని..."

ఇంకేముంది, చెప్పులు వేసుకుని వెళ్ళాను. నన్ను చూడగానే మాధురి రిసీవరు పెట్టేసింది.

"ఎవడే వాడు?" అన్నాను.

సరుకులకొచ్చిన ఆడవాళ్ళు, సోడా తాగుతున్న మాధురి తరగతి మగపిల్లలు... అందరూ తిరిగి చూశారు. నేను రూపాయి బిళ్ళ తీసి, రిసీవరు ఎత్తి, రీడయల్ మీద వేలు పెట్టాను.

"రీడయల్ ఎందుకులెండి అక్కయ్యగారూ... చిన్నపిల్ల" అన్నాడు ఖాదర్.

నొక్కాను. అవతల మా అమ్మాయి గొంతు.

"మళ్ళీ చేశావేంటి అమ్మడూ? ఏడవకు. రేపు పొద్దున్నే వచ్చేస్తాగా. అమ్మమ్మకి నేను చెప్తాను... చాప మీద కూర్చోబెట్టనివ్వను, పేరంటం చెయ్యనివ్వను. మీ క్లాసులో ఎవరికీ తెలీదు, సరేనా? కడుపునొప్పి తగ్గిందా?"

మాట్లాడకుండా పెట్టేశాను.

మా వైపు ఆడపిల్ల పెద్దమనిషైతే తాటాకు చాప మీద ఓ మూల కూర్చోబెట్టి, వీధంతా పిలిచి, నువ్వుల చిమ్మిలి పంచుతారు. మా అమ్మ నాకు చేసింది, నేను మా అమ్మాయికి చేశాను. మాధురికి అది ఇష్టం లేదు. వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ తెలియకూడదనుకుంది... అంతకుముందు బెంగైనా, ఆ రోజు ఈ మాటైనా నా కుర్చీ పక్కన నిలబడి చెప్పలేకే ఆ కొట్టు దాకా వెళ్ళింది.

అక్కడితో ఆగినా బాగుండేది.

"ఎవరండీ టీచరుగారూ?" అని ఒకావిడ ముసిముసిగా నవ్వుతూ అడిగింది. పిల్ల మీద నింద పడిపోతుందనీ, మా ఇంటి పరువు పోతుందనీ... పాఠం చెప్పే గొంతుతో, అందరికీ వినపడేలా చెప్పాను.

"ఎవరూ కాదు, వాళ్ళమ్మే. పిల్ల పెద్దమనిషయింది. ఆ మాట చెప్పుకుంటోంది."

"అయితే శుభమేగా... చిమ్మిలెప్పుడు పెడతారండీ మాకు?"

మాధురి ఏడవలేదు. పుస్తకాల సంచి ముందుకి తిప్పుకుని రెండు చేతులా గుండెలకి హత్తుకుంది. మగపిల్లలున్న వైపు చూడకుండా, "ఇంటికెళ్దాం అమ్మమ్మా" అంది.

వీధికి తెలిశాక పేరంటం తప్పలేదు. మాధురి చాప మీద ఎంతసేపు కూర్చున్నా తల ఎత్తలేదు. మా అమ్మాయి నన్ను పెద్దగా ఏమీ అనలేదు... "పెట్టేసే ముందు 'నేనే' అని ఒక్క మాట అనాల్సిందమ్మా" అంది, అంతే.

ఆ తర్వాత మా ముందు గది ఫోనులో మాధురి "ఊఁ... ఆఁ... బాగున్నా" తప్ప మరో మాట మాట్లాడలేదు. మరుసటి ఏడు గుడివాడలో హాస్టలుకి వెళ్తానంది. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

మొన్న మాధురి ఫోను చేసింది. ఇప్పుడు దాని కూతురిది ఆ వయసు. పిల్లకి సొంత ఫోను ఇవ్వాలా వద్దా అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటున్నారట. "అమ్మమ్మా, స్పీకరులో పెట్టాను. నువ్వేమంటావో చెప్పు" అంది. నేను వద్దంటానని అందరికీ తెలుసు.

వద్దనడానికి కారణాలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలు ఆ తెర మీంచి తలెత్తకపోవడం నేనూ చూస్తున్నాను. కానీ ఆ పాత గొంతు రాలేదు నాకు...

"స్పీకరు ఆపు. ఫోను పిల్ల చేతికిచ్చి, దాన్ని గదిలోకి వెళ్ళనియ్యి" అన్నాను.

మాధురి స్పీకరు ఆపింది. తర్వాత తలుపు వేసిన చప్పుడు... "చెప్పు తాతమ్మా" అని చిన్న గొంతు.

నేను చెప్పలేదు. విన్నాను. అది నాతో ఏమందో ఇక్కడ రాయను, వాళ్ళమ్మకీ చెప్పలేదు.

ఈ సంగతి రాయనా అని మాధురిని ముందే అడిగాను. "పేరు మార్చి రాయి" అంది. మార్చాను.

ఇప్పుడు ఏ ఇంట్లోనూ ఫోను ముందు గదిలో స్టూలు మీద కూర్చుని ఉండటం లేదు... ఆ రోజుల్లో మీ ఇంట్లో ఫోను ఎక్కడుండేది? దాని పక్క కుర్చీలో ఎవరు కూర్చునేవారు?