కడిగిన గాయం

అప్పటికే కొంగు తడిపి బస్సులో నా పక్కనున్న ఆడమనిషి నుదుటి రక్తం తుడిచేశాను. మూటలోని పసుపు తీసి గాయానికి అద్దుతూ, ఏదో వాగుతూనే ఉన్నాను. యుద్ధం రోజులు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు.

నిద్రమత్తులో ఉన్న ఆమె ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత పని సేస్తివమ్మా! డాక్టరు సూసి రాసిస్తేనే కేసు నిలబడుతుందంట. అందుకే తుడుసుకోకుండా వస్తాండా."

గట్టు తగాదాలో పక్కచేను ఆసామి కట్టెతో కొట్టాడట.

"సూసినోళ్ళు లేరా అక్కా?"

"ఉండారు. అంతా ఆయన కూలోళ్ళే, నోరు తెరుస్తారా? ఈ గాయం నువ్వు సూసినావు కదా, డాక్టరుతో ఒక్క మాట సెప్తావా?"

మా పత్తి వ్యాపారుల ఇళ్ళలో ఆడవాళ్ళు కేసుల జోలికి పోరు. "మా మామ ఒప్పుకోడక్కా" అని తల దించుకున్నాను.

ఆదోనిలో దిగి ఆమె ఆసుపత్రి వైపు పోలేదు. ఎమ్మిగనూరుకు తిరిగిపోయే బస్సెక్కింది.

మరునాడు పొద్దున మామకు చెప్పకుండా ఆసుపత్రికి పోయి, ఆ గాయం ఎంత పొడవో, ఎంత లోతో డాక్టరుకు వేలితో చూపించాను. ఆయన కాగితం తీసి ఆమె పేరు అడిగాడు. దారంతా వాగిన నేను పేరు మాత్రం అడగలేదని చెప్పుకున్నాను.