ఘుబ్రా హాల్ బయట రెండు గంటలు

మా హాసినికి పద్నాలుగేళ్లు. ఏడేళ్లుగా బ్యాడ్మింటన్ ఆడుతోంది, ఆ ఏడేళ్లూ గోడ పక్క కుర్చీలో కూర్చుని నేనూ ఆడుతూనే ఉన్నాను. కిందటేడు రెండు సెలక్షన్లలో పేరు రాకపోయేసరికి, "ఇంకొక్కసారి నాన్నా. ఈసారీ రాకపోతే రాకెట్ ఎవరికైనా ఇచ్చేద్దాం, వచ్చే ఏడు నాకు టెన్త్" అంది. ఏడ్చి చెప్పినా బాగుండేది. పాలప్యాకెట్ అయిపోయిందన్నంత మామూలుగా చెప్పింది, అందుకే భయమేసింది. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో ఒక కబురొచ్చింది. మస్కట్‌లోని ఘుబ్రాలో, ఆట నుంచి రిటైరైన ఒక కొరియా క్రీడాకారిణి ముప్ఫై మంది పిల్లలను ఒక పూట ఆడించి చూసి, ఎనిమిది మందిని ఆరు నెలల శిక్షణకు తీసుకుంటుందట. ఫీజు పదిహేను రియాళ్లు. వెంటనే కట్టేశాను.

మేముండేది సోహార్‌లో, నేను పనిచేసే స్టీల్ ప్లాంటుకు దగ్గర్లో. మా ఆవిడ నర్సు, ఆ రోజు డ్యూటీలో ఉంది. శుక్రవారం ఉదయం ఐదున్నరకు మేమిద్దరమే కారులో బయల్దేరాం. దారిలో సహం అనే ఊళ్లో ఆగి చాయ్, పరాటా తీసుకున్నాం. హాసిని ఒక ముక్క తిని మిగతాది నా వైపు తోసింది. అక్కడి నుంచి ఘుబ్రాకు హైవే మీద రెండు గంటలు. రోడ్డు నున్నగా ఉందని యాక్సిలరేటర్ తొక్కకండి, దారిపొడవునా కెమెరాలే. పెట్రోలుకు పోనూ రానూ తొమ్మిది రియాళ్లయింది.

దారంతా నేను ఆ కొరియా ఆవిడ చరిత్ర చెబుతూనే ఉన్నాను. పదేళ్లకే స్కూల్ హాస్టల్లో చేరింది. పదహారేళ్లొచ్చేదాకా ఏ పోటీలోనూ రెండో రౌండు దాటలేదు. పద్దెనిమిదికల్లా ఏకంగా జాతీయ జట్టులో ఉంది. తర్వాత పదకొండేళ్లు దేశదేశాలు తిరిగి ఆడింది, రెండుసార్లు మోకాలికి ఆపరేషన్ చేయించుకుంది, గెలిచిన ఫైనల్స్ కంటే ఓడినవే ఎక్కువ. ఆ పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు. "నాన్నా, ఇది నాలుగోసారి చెప్పడం" అని హాసిని కళ్లు మూసుకుంది.

ఎనిమిదిన్నరకు ఆటలు మొదలయ్యాయి. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మా ఇద్దరి మధ్య కొన్ని సైగలున్నాయి. నేను చెవి పట్టుకుంటే నెట్ దగ్గర మెల్లగా వెయ్యాలి, తల నిమురుకుంటే వెనక్కి ఎత్తి కొట్టాలి, కళ్లద్దాలు తీస్తే కాస్త ఊపిరి తీసుకోవాలి. తప్పని తెలుసు. అయినా ప్రతి తండ్రీ ఏదో ఒకటి చేస్తాడులే అని సర్దిచెప్పుకున్నాను. మొదటి గేమ్ హాసిని ఓడిపోయింది. అయ్యీ అవగానే కొరియా ఆవిడ కోర్టులోకి నడిచొచ్చి, హాసిని నిలబడిన చోటే నిలబడి, పాయింటు పాయింటుకీ అది తిరిగినట్టే మెడ వెనక్కి తిప్పింది. చూపు సరాసరి నా మీద పడింది. అప్పటికి నా చెయ్యి ఇంకా చెవి మీదే ఉంది. ఆవిడా తన చెవి పట్టుకుంది. హాలంతా నవ్వింది. హాసిని నవ్వలేదు.

ఆవిడ నా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఆవిడ ఇంగ్లిష్ నా ఇంగ్లిష్ లాంటిదే, చిన్న చిన్న మాటలు. "మా అమ్మ కూడా ఇలాగే కూర్చునేది. ప్రతి పాయింట్‌కీ అమ్మ ముఖం చూసేదాన్ని. పదహారో ఏట మా కోచ్ అమ్మను హాల్లోకి రానివ్వలేదు. రెండేళ్లు."

"ఆవిడకి కోపం రాలేదా?"

"చాలా వచ్చింది. నాకూ వచ్చింది." లేచి, చేత్తో మర్యాదగా తలుపు చూపించింది.

వెళ్లకపోతే పిల్ల పరువు పోతుంది. వెళ్తే పిల్ల ఒంటరిదైపోతుంది. లేచి వెళ్లాను.

హాల్‌కు ఎదురుగా ఒక చిన్న చాయ్ కొట్టు ఉంది. అక్కడ చాయ్ కాచే గంగారాంది నిర్మల్ జిల్లా. మూడో చాయ్ కూడా తాగకుండానే చల్లార్చేసరికి ఆయనే కదిలించాడు. "ఏందన్నా, పాప లోపలుంటే మీరిట్ల రోడ్డు మీద తిరుగుతున్రు?"

జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

"నా బిడ్డ కబడ్డి ఆడ్తదన్నా. నేను చూడక మూడేండ్లాయె. ఆటయినంక ఫోన్ జేస్తది. ఎట్ల గెల్సినవ్, ఎట్ల ఓడినవ్ అని నేనడుగుత. ఒక్కొక్కటి చెప్తది, గంట సేపు. మీరడుగరా?"

అడగాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. అంతా నేనే చూసేవాణ్ణి, ఇంటికెళ్లేదాకా నేనే చెప్పేవాణ్ణి. ఈ ఏడేళ్లలో దాని ఆట గురించి దాని నోటి నుంచి నేను విన్నది ఎంత అని ఆలోచిస్తే సిగ్గేసింది.

పదకొండు దాటాక తలుపులు తెరిచారు. హాసిని ఇంకో అమ్మాయితో నవ్వుకుంటూ బయటికొచ్చి, చెయ్యెత్తి నిలబడ్డ నన్ను చూసుకోకుండానే నాలుగడుగులు దాటిపోయింది. సంతోషించాలి కదా! నాకు ఏడుపొచ్చింది. తర్వాత వెనక్కి తిరిగి, "నాన్నా, రెండు గెలిచాను. లిస్టులో ఏడో పేరు" అంది.

కారెక్కాక నోరు కట్టేసుకుని, "ఎలా ఆడావు?" అని ఒక్క మాట అడిగాను. అది ముందు అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. తనకు ఎదురాడిన అమ్మాయిది ఎడమచేతి వాటమని రెండో గేమ్ సగమయ్యేదాకా గమనించలేదట. మొదటి గేమంతా కళ్లప్పగించి చూసిన నేనూ గమనించలేదు. ఆ సంగతి దానికి చెప్పలేదు. సోహార్ వచ్చేసినా అది ఇంకా చెబుతూనే ఉంది.

ఇప్పటికి నాలుగు నెలలైంది. ప్రతి శుక్రవారం తీసుకెళ్తున్నాను, లోపల అడుగు పెట్టలేదు. అలవాటైపోయిందని అబద్ధం చెప్పను, తలుపు మూసుకున్నప్పుడల్లా చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్తుంది. ఆ కొరియా ఆవిడ తల్లి రెండేళ్లు ఎలా ఓర్చుకుందో ఆ తల్లినే అడగాలనుంది. నా కూతురి ఆట నేను చూసి నాలుగు నెలలు, తెలుసుకోవడం మొదలై కూడా నాలుగు నెలలే. మీరూ పిల్లల్ని తీసుకుని ఘుబ్రా వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. జుమ్మా నమాజుకని పదకొండున్నరకే కొట్లు మూసేస్తారు, తినేదేదో ముందే పొట్లం కట్టించుకోండి. తిరుగు దారిలో పిల్లలు ఆగకుండా మాట్లాడతారు, మధ్యలో టిఫిన్‌కని కారాపితే ఆ మాట తెగిపోతుంది.