అత్తారింట్లో వేగిన రాయి

"ఉన్నది ఒకటే నిమ్మకాయ. దాన్ని రాళ్ల మీద పిండుతావేటే?"

"రేపు ప్రాక్టికల్ ఉంది మామ్మా. కాలేజీలో అయితే యాసిడ్ చుక్క వేస్తారు. ఇంట్లో ఇదే గతి."

"మరి పప్పులోకి?"

"అరే, పప్పు ముఖ్యమా, నేను పాసవడం ముఖ్యమా?"

మా మనవరాలు జ్యోతి ఇక్కడే బిలాస్‌పూర్‌లో రాళ్ల చదువు చదువుతోంది. కిందటిసారి సున్నపురాయిని పాలరాయనీ, పాలరాయిని సున్నపురాయనీ రాసి తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. నేను జవాబు చెప్పేలోగా రెండు తెల్లరాళ్లనూ చాకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండేసింది. రెండూ సన్నగా నురగ కట్టాయి. తడిసిన రాతిపొడి మీద ఆ పులుపు వాసన తగలగానే నాకు సూరమ్మక్క గుర్తొచ్చింది.

రైల్వే కాలనీలో ఆవిడది మా పక్క క్వార్టర్. చిన్నతనమంతా పట్టాల కింద పోసే కంకర కొట్టిన మనిషి. అక్షరం రాదు. నేను మూడో తరగతి దాకా చదివాను, ఆ ధీమా నాకు దండిగా ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో మస్తూరీ సంతలో తెల్లగా మెరిసే రోలు చవగ్గా దొరికిందని తెచ్చుకున్నాను. సూరమ్మక్క దాన్ని బొటనవేలితో రుద్ది, చాకుతో గీకి, నిమ్మ చుక్క వేసింది. నురగ వచ్చింది.

"ఓలమ్మా, సున్నపు జాతిని తెచ్చావేటే? చింతపండు నూరితే రోలే కరిగి పచ్చట్లో పడిపోద్ది."

"ఇది పాలరాయి. మెరుపు చూడక్కా."

"పాలరాయైతే ఏటి? సున్నపురాయి పుట్టింట్లో ఉన్న పిల్ల. అదే భూమి లోపలి వేడికీ బరువుకీ కోడల్లాగ వేగితే పాలరాయి. జాతొకటే. పులుపు తగిల్తే రెండూ బుసకొడతాయి. వేగినదాన్ని ఎండలో తిప్పి సూడు, పంచదార పలుకులు అతుక్కున్నట్టు మెరుస్తాది. వేగనిది మొద్దుగా ఉంటాది, ఒక్కోసారి నత్తగుల్లల ముక్కలు కూడా కనిపిస్తాయి."

కొన్న వస్తువు పారేసే అలవాటు నాకు లేదు. నెల్లాళ్లు అందులోనే చింతపండు నూరాను. ఒకరోజు మా ఆయన ముద్ద నములుతూ ఆగి, "ఇవాళ పచ్చట్లో రోలు ఎంత పడింది?" అని అడిగారు. ఆ పూట మజ్జిగన్నంతోనే డ్యూటీకి వెళ్లారు.

సూరమ్మక్క నవ్వలేదు. వచ్చే సంతకు నన్ను లాక్కెళ్లి ప్రతి రోలునూ నాచేతే రుద్దించింది. ఇసుకరాయి రోలు వేలికి గింజలు రాల్చింది. చివరికి నలుపు తెలుపు చారలున్న రోలొకటి దొరికింది. గీకితే చాకే అరిగింది.

"ఇది తీసుకో. ఇదీ అత్తారింట్లో వేగిందే గానీ, పులుపు పోసినా నోరెత్తదు."

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నేను దేన్నీ మెరుపు చూసి కొనను. ముందు బొటనవేలు పెడతాను.

"రెండూ పొంగాయి. ఇప్పుడెలా చెప్పను?" అంది జ్యోతి, ఏడుపు గొంతుతో. రెండు రాళ్లనూ కడిగి, వంటింటి కిటికీ దగ్గర ఎండలో ఆమె చేతికిచ్చాను.

"ఏది అత్తారింటికి వెళ్లొచ్చిందో నువ్వే చెప్పు" అని సూరమ్మక్క మాట వివరించాను. అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. "అచ్ఛా" అని పలుకులు మెరిసేదాన్ని నా ముందు పెట్టింది.

మర్నాడు పొద్దున్న పరీక్ష గదిలోంచి బయటికి రాగానే ఫోన్ చేసింది. ఆ రెండు రకాల రాళ్లే వచ్చాయట. సరిగ్గా రాసిందట. సార్ కారణం అడిగితే అత్తారిల్లు అనబోయి నాలిక్కరుచుకుందట. అప్పటికి నేను, పిండేసిన నిమ్మతొక్కలకు ఉప్పూ మిరపకాయలూ చేర్చి ఆ చారల రోట్లో నూరుతున్నాను. రోలు నోరెత్తలేదు.